చావడిలో విండోస్ గది తెరిచిన పొద్దు

వీరేందర్ తలుపు ధడేలుమని వేసి వెళ్ళిన చప్పుడు ఖమ్మంలో ఖానాపురం హవేలి పేటలోని ఆ ఇంట్లో ఇంకా ఆరనేలేదు. "విండోస్ అన్నా ఉండాలె, నేనన్నా ఉండాలె" అని పోయిన వారం అతను గుమ్మంలో నిలబడి అన్న మాట, గోడకు కొట్టిన మేకులా అక్కడే దిగబడి ఉంది. ఫ్లోరెన్స్ ఏం చేసిందంటారా? ఆ మేకుకే తన గొడుగు తగిలించి పనిలో కూర్చుంది. అంత మొండిది ఆ పిల్ల.

వాళ్ళిద్దరూ కలిసి నడుపుతున్న ‘చావడి’ మామూలు చావడి కాదు. వెబ్‌సైటు పెట్టుకోవాలని ఉండీ, దానికి నెలనెలా కిరాయి కట్టలేనివాళ్ళకు ఊరికే చోటిచ్చే సత్రం. ఇల్లందు చర్చి పాటల బృందం, మధిర పత్తి రైతుల సంఘం, ఎక్కడో అడవంచున ఉన్న బడి, అందరి కాపురమూ అందులోనే. ముందుగదిలో విశ్రాంతమ్మ గారి కుట్టుమిషను పక్కన గుర్రుగుర్రుమనే రెండు నల్లటి పెట్టెలే ఆ సత్రం. ఫ్లోరెన్స్ తల్లి విశ్రాంతమ్మ రోజూ సాయంత్రం ప్రార్థనలో ఇంట్లోవాళ్ళ పేర్లతోపాటు ఆ పెట్టెలనూ దేవుడికి అప్పజెబుతుంది. అవి ఏం చేస్తాయో ఆవిడకు పూర్తిగా తెలియదు గానీ, పదిమందికి పనికొస్తాయని మాత్రం తెలుసు.

కాకపోతే ఆ సత్రానికి ఒక నియమం ఉండేది. లినక్స్ మీద నడిచే ప్రోగ్రాములకే లోపల చోటు. విండోస్ మీద తప్ప నడవనివి గుమ్మం బయటే నిలబడాలి. ఆ నియమం పెట్టినవాడు వీరేందర్. దాన్ని మీరింది ఫ్లోరెన్స్. ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూతపడుతూ దానంగా ఇచ్చిన మూడో పెట్టెలో, నిన్న ఒక్కతే కూర్చుని విండోస్ ఎక్కించింది.

ఎందుకు మీరిందంటే, ఆ కారణం సోఫాలో ఒక చివర కూర్చుని చల్లారిన చాయ్ తాగుతోంది. పేరు సారంగపాణి. బొగ్గుగనిలో ఎలక్ట్రానిక్స్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. చేతిలో ఒక పెన్‌డ్రైవు. దాన్ని ఇల్లందు నుంచి ఖమ్మం దాకా బస్సులో పిడికిట్లోనే పట్టుకుని వచ్చాడు. జేబులో పెట్టుకుంటే ఎవరైనా కొట్టేస్తారని ఆయన భయం. కొట్టేసినవాడికి అందులో ఏముందో అర్థమై చావాలి కదా, అని నవ్వితే మాత్రం ఆయనకు కోపం.

అందులో ఉన్నది ‘వాగుమాట’. మణుగూరు దిగువన తునికివాగు అని ఒకటుంది. ఎండాకాలంలో మేకలు కూడా దాన్ని లెక్కచేయవు. వానాకాలంలో గోదావరి నిండి ఎగదన్నిందంటే మాత్రం, కిందికి పోవాల్సిన ఆ వాగు వెనక్కి తిరిగి ఊళ్ళ మీదికి నడిచొస్తుంది. దాని మీద దాటడానికి ఉన్నది ఒక్కటే చప్టా, నీళ్ళు పెరిగితే మునిగిపోయే పొట్టి వంతెన. వాగు అవతలి గూడేలవాళ్ళు ఆ చప్టా దాటే గనుల్లోకి పనికి వస్తారు. పొద్దున దాటినవాడు పని దిగాక మళ్ళీ ఇల్లు చేరతాడా, ఇవతలే చిక్కుకుపోతాడా అన్నది వాళ్ళకు ఏటేటా ప్రాణసంకటం. వాళ్ళ కోసమే సారంగపాణి ఎప్పుడో ఆ ప్రోగ్రాము రాశాడు. చప్టా పక్కన స్తంభం మీద రంగుతో గీసిన గీతల్లో నీళ్ళు ఎన్నో గీత దాకా వచ్చాయో ఫోన్లో దాని పేజీ తెరిచి నింపితే, చప్టా ఎప్పుడు మునుగుతుందో అది చెబుతుంది. ఇన్నాళ్ళూ ఒక పాత కంప్యూటరులో నడిచింది. మొన్న పిడుగు పడి ఆ కంప్యూటరు మాడి మసైపోయింది.

కొత్త చోటు కోసం ఆయన తిరగని గడప లేదు. ఆ పాత ప్రోగ్రాముకు విండోస్ గాలి తగలనిదే ఊపిరాడదు. విండోస్ ఇచ్చేవాళ్ళేమో, దాని వెంట ఉన్న పాత సామాను మా దగ్గర దించనివ్వం పొమ్మన్నారు. చివరికి మిగిలింది చావడి.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన కూతురు రోజారాణి ఆ వాగు అవతల ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం. అక్కడ గోపాలు అనే అతని భార్యకు నెలలు నిండాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనీ, కాన్పు భద్రాచలం దవాఖానాలోనే జరగాలనీ డాక్టరు ముందే చెప్పాడు. గోదావరి నిన్నటి నుంచి పెరుగుతోంది. చప్టా మునిగేలోపు ఆమెను ఇవతలికి చేర్చాలి. ఆ భారం రోజారాణి మీద ఉంది.

ఇదీ ఆ ఉదయం పరిస్థితి. ఇక ఫ్లోరెన్స్ దగ్గరికి వద్దాం.

ఆమె తెల్లవారినప్పటి నుంచీ వాగుమాటను తెరవడానికి చూస్తోంది. తెరిచిన ప్రతిసారీ తెల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒకటే గొణుగుడు: లోపల ఏదో తప్పు జరిగింది. ఏం తప్పో చెప్పదు. అలిగి మూల కూర్చున్న అత్తగారిలా, అడిగిన కొద్దీ ఇంకా బిగుసుకుంటోంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు సారంగపాణి. ఆ ప్రశ్న ఆయన అప్పటికి చాలాసార్లు అడిగాడు.

"చూస్తున్న కాకా. జర ఆగు."

"వాగు ఆగదు బిడ్డా."

అప్పుడే గేటు చప్పుడైంది. వానకోటు నుంచి నీళ్ళు కారుతూ వీరేందర్ లోపలికి వచ్చాడు. వారం తర్వాత రావడం. ఫ్లోరెన్స్ తలెత్తి చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. విశ్రాంతమ్మ మాత్రం ఏమీ జరగనట్టే, "రా బిడ్డా, తుడుసుకో" అని తువ్వాలు అందించింది.

"నా చార్జర్ మర్చిపోయిన, తీస్కపోదామని వచ్చిన" అన్నాడు వీరేందర్. చార్జర్ అతని భుజాన వేలాడుతున్న సంచిలోంచి బయటికి తొంగిచూస్తోంది. అది ఫ్లోరెన్స్ చూసింది. 

అతని కళ్ళు మూడో పెట్టె మీద పడ్డాయి. అంతే, వచ్చిన పని మరిచిపోయాడు.

"అయితే పెట్టినవన్నమాట. కొరివితో తల గోక్కోవద్దని చెప్పిన. విన్నవా?"

"వినలే."

"నీకు యాదికి లేదా ఫ్లోరా? మొదటేడు మనం గిదే విండోస్ పెట్టినం. వైరస్ చొచ్చింది. చావడి మొత్తం తుడిచిపెట్టుకపోయింది. ఇల్లందు బడిపిల్లలు ఏడాదంతా గీసిన బొమ్మలు, ఒక్కటి మిగల్లే. టీచరమ్మకు ఫోన్ జేసి చెప్పింది ఎవరు? నేను. వెనకాల పిల్లలు ఏడుస్తుంటే విన్నది ఎవరు? నేను."

"యాదికుంది వీరూ."

"ఉచితంగ ఇస్తున్నం గదా అని ఎట్లబడితే అట్ల ఇస్తమా? పైసలు తీసుకున్నోడు పైసలు వాపసిచ్చి తప్పించుకుంటడు. మనకు ఆ దారి గూడ లేదు. ఇయ్యాల తెరుస్తవ్, రేపు పడిపోతది. నిన్ను నమ్మినోడు ఏం గావాలె?"

ఫ్లోరెన్స్ కుర్చీని అతని వైపు తిప్పింది. ఆ మాటలో నిజం ఉందని ఆమెకూ తెలుసు. వీరేందర్ మొండితనం వెనక ఆ పిల్లల ఏడుపు ఉందనీ, ఇన్నేళ్ళుగా అతను దాన్ని మోస్తున్నాడనీ ఆమెకు ఆ క్షణంలోనే బాగా అర్థమైంది. జాలేసింది కూడా. కానీ జాలికీ ఒప్పుకోవడానికీ మధ్య ఆమెకు ఎప్పుడూ కొంచెం దూరం ఉంటుంది.

"చావడి అని పేరు పెట్టింది నువ్వే" అంది నెమ్మదిగా. "గుమ్మం ముందు వానల తడుసుకుంట ఒకడు నిలబడ్డడు అనుకో. నీ చేతులున్నది ఏ కంపెనీ గొడుగు అని అడిగి లోపలికి రానిస్తమా? లినక్స్ రానోళ్ళు, ఇన్‌స్టిట్యూట్లల్ల విండోస్ ఒక్కటే నేర్చుకున్నోళ్ళు, ఎంతమంది లేరు మన దిక్కు? వాళ్ళంతా ఏడికి పోవాలె? మనం పెట్టకపోతిమి, పెట్టేటోళ్ళ కాడికి పోనియ్యకపోతిమి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మన కథ."

"మాటలు బాగనే నేర్చినవ్. పడిపోతే నిలబెట్టేదెవరు?"

"నువ్వే. ఇంకెవరు?"

వీరేందర్ ఏదో అనబోయాడు. ఈలోపు సోఫాలోంచి సారంగపాణి లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెద్దది కాదు గానీ, ఆ పూట గదంతా వినిపించింది.

"మీ కొట్లాట తర్వాత పెట్టుకోర్రి. నా బిడ్డ వాగు అవతల ఉంది. దాని పక్కన ఇంకో తల్లి బిడ్డ ఉంది. ఆ పిల్లను ట్రాలీ ఆటోల కూసోబెట్టి, బయలెల్లమంటవా నాయనా అని అడుగుతాంది నా బిడ్డ. నేనేం జెప్పాలె?"

 వీరేందర్ వానకోటు విప్పి కుర్చీ మీద వేశాడు. ఫ్లోరెన్స్‌ను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి కీబోర్డు ముందు కూర్చున్నాడు. విండోస్‌ను తిట్టేవాడికి విండోస్ సంగతులు తెలియవనుకుంటే పొరపాటు. కాల్చుకున్న చెయ్యి పొయ్యిని మరిచిపోదు.

"పాతకాలపు ప్రోగ్రాము ఇది. ముప్పై రెండు బిట్ల కాలంది. నువ్వు తీస్కపోయి అరవై నాలుగు బిట్ల గదిల కూసోబెట్టినవ్. బెదిరి నోరు తెరుస్తలేదు" అంటూ రెండు చోట్ల ఏవో మార్చాడు. పెట్టె ఒక్కసారి ఊపిరి ఆపి మళ్ళీ గుర్రుమంది.

తెర నల్లబడింది. మధ్యలో ఒక సన్నటి తెల్లగీత వంకరలు పోతూ మొదలైంది. ఆ గీత పొడవునా ఒక్కొక్కటిగా గూడేల పేర్లు తెలుగులో వెలిగాయి. కింద ఒక ప్రశ్న: ఇప్పుడు ఎన్నో గీత?

సారంగపాణి చేతులు జోడించాడు. దేవుడికా, వీరేందర్‌కా, పెట్టెకా అన్నది ఆయనకే తెలియాలి. చప్టా దగ్గర చాయ్ దుకాణం నడిపే బొజ్జయ్యకు ఫోన్ చేసి అడిగాడు. నీళ్ళు నాలుగో గీత దాటి ఐదో గీత వైపు వస్తున్నాయన్నాడు బొజ్జయ్య. గంట కింద ఎంత, రెండు గంటల కింద ఎంత అని పొద్దుటి నుంచి పెరిగిన తీరు కూడా చెప్పాడు. ఫ్లోరెన్స్ అవన్నీ నింపి బటన్ నొక్కింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తెర మీద ఒక్కో అక్షరమే పడుతూ ఈ మాటలు వచ్చాయి:

"నన్ను గోదారి వెనక్కి నూకుతాంది.

గిట్ల నేను ఇంతకుముందు గూడ వచ్చిన. బొజ్జయ్య ఎద్దు కొట్టుకపోయిన ఏడు.

చప్టా మీదికి మూడో షిఫ్టుల వస్త. అప్పటిదాంక పోనిస్త."

 ఫ్లోరెన్స్ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మనిషి, పిల్లలకు ఆమె నేర్పని ప్రోగ్రాము లేదు. చూడని వెబ్‌సైటు లేదు. ఒక వాగు తన నోటితో తాను మాట్లాడటం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎక్కడో వానలో తడుస్తున్న నీళ్ళు, కుట్టుమిషను పక్కన ఉన్న పెట్టెలోంచి, ‘నేను వస్త’ అంటున్నాయి. ఆమెకు ఎందుకో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

విశ్రాంతమ్మ వంటింట్లోంచి వచ్చి చదివి ముక్కున వేలేసుకుంది. "ఇదేంది, వాగుకు నోరొచ్చింది! దేవా!"

"ఇంతకుముందు వచ్చిన అంటాంది. దానికెట్ల తెలుసు కాకా?" అంది ఫ్లోరెన్స్.

"ప్రతి వరద దాని కడుపుల ఉంది బిడ్డా. చప్టా దాటేటోళ్ళు ఏండ్ల సంది చెప్పిన గీతలన్ని దాచిన. ఇయ్యాల నీళ్ళు పెరిగే తీరు పాత వరదలల్ల దేని లెక్కుందో ఎతుక్కుంటది. వరదకు నంబర్లు పెడితే మనోళ్ళకు తెల్వది. ఎద్దు పోయిన ఏడు, పెండ్లి పందిరి కొట్టుకపోయిన ఏడు అంటరు. ఆ పేర్లే పెట్టిన."

వీరేందర్ అప్పటికే ప్రోగ్రాము లోపలికి దిగి ఒక్కో వరుసా చదువుతున్నాడు. లోపల ఒక భాగానికి సారంగపాణి ‘వాగు కోపం’ అని పేరు పెట్టాడు. ఇంకోదానికి ‘గోదారి నూకుడు’. మరోదానికి ‘మనిషి తొందర’. వీరేందర్ చదువుతూ చదువుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముఖంలో వారం నాటి కోపం ఎక్కడా లేదు. పెద్ద కొండ ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

"గిది నీకు ఎవరు నేర్పిర్రు కాకా?"

"పుస్తకం కొనుక్కొని నేర్చుకున్న. సగం సమజ్ గాలే. కానికాడ చప్టా మీదికి పోయి కూసున్న" అన్నాడాయన. గొప్ప చెప్పుకోవడం ఇష్టమే గానీ ఇంతకంటే ఎలా చెప్పుకోవాలో ఆయనకు తెలియదు.

"మరి గంటలు లేవేంది? తారీఖు గూడ లేదు."

"గంటెందుకు? బొగ్గుబాయికాడి మనిషికి షిఫ్టే గడియారం. నీది ఏ ఊరు?"

"ఇల్లందే."

"మరి నీకు నేను జెప్పాల్నా?"

వీరేందర్ నవ్వేశాడు. నిజమే. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి మూడోది. అతని తల్లి అతను పుట్టిన సమయం అడిగితే ఇప్పటికీ ‘మూడో షిఫ్టు కూత పడ్డంక’ అనే చెబుతుంది. బొగ్గు ఊళ్ళలో పెళ్ళి ముహూర్తాలు కూడా ఒక్కోసారి షిఫ్టుల్లోనే తేలతాయి.

సారంగపాణి ఫోన్ స్పీకరులో పెట్టి కూతురికి చేశాడు. వెనక ఆటో ఇంజను శబ్దం, వాన శబ్దం.

"నాయనా, బయలెల్లమంటవా? గోపాలు పైగూడెంకాడ చిక్కిండు. మొగడు రాంది నేను రానని ఈ పిల్ల ఏడుస్తాంది."

"తొందర లేదు బిడ్డా! వాగుమాట నడుస్తాంది! మూడో షిఫ్టుల గాని చప్టా మునగదంట. ఆ పిల్లకు ఇంత బువ్వ తినబెట్టు. మొగడు వచ్చినంక మెల్లగ రార్రి."

"హమ్మయ్య! మూడో షిఫ్టు దాంకనా? అయితే ఈ పిల్లను ఆటోలకెల్లి దించుతున్న నాయనా. పొద్దటి సంది ఏం తినలే."

ఫోన్ పెట్టేశాక సారంగపాణి సోఫాలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయన భుజాల మీంచి బరువు దిగడం కంటికి కనిపించింది.

ఆ సంబరంలో వీరేందర్ చేసిన పని చూస్తే మీరు కూడా ఆశ్చర్యపోతారు. విండోస్ పేరెత్తితే పళ్ళు నూరిన మనిషి, చావడి వెబ్‌సైటు ముఖద్వారం మీద తన చేత్తోనే ఇలా రాసిపెట్టాడు: "చావడిలో కొత్త గది తెరిచాం. ఇక విండోస్ ప్రోగ్రాములకు కూడా చోటుంది. కిరాయి లేదు. మీ చాప మీరు తెచ్చుకోండి, నీళ్ళు మేమిస్తాం."

"పడిపోతే నిలబెట్టేది నేనే గదా. నా మాటల్లనే ఉండాలె" అన్నాడు ఫ్లోరెన్స్ వైపు చూడకుండా.

తర్వాత జరిగింది ఇద్దరూ ఊహించలేదు. అరగంట గడిచిందో లేదో తెర మీద సందేశాలుగా జనం రావడం మొదలైంది. మధిరలో విత్తనాల దుకాణం నడిపే ఆవిడ, తన తమ్ముడు చదువుకునే రోజుల్లో రాసిచ్చిన ప్రోగ్రాము ఇన్నాళ్ళూ బీరువాలో ఉందంది. ఎవరో ఫాదర్ గారు, ఎవరో లైబ్రేరియన్. ఎప్పుడో రాసి, ఎవరికీ చూపించలేక, సీడీల్లో మగ్గిపోయిన పనులు. ఒక్కొక్కటీ వచ్చి గదిలో చాప పరుచుకుంటుంటే ఫ్లోరెన్స్ ఒక్కో పేరూ చదువుతూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఇంతమంది తమ గుమ్మం బయటే వానలో నిలబడి ఉన్నారా అనుకుంది. సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి కలిగాయి.

విశ్రాంతమ్మ అన్నాలు పెట్టింది. పప్పు, చింతచిగురు, ఊరమిరపకాయలు. నలుగురూ పెట్టె పక్కనే కింద కూర్చుని తింటున్నారు. కొత్తగా ఒక సందేశం వచ్చింది. పంపినవాడు లాలు. ఎంసీఏ చదివి, ఇల్లందులో షేర్ ఆటో నడుపుతున్నాడట. చదువు చివర తను చేసిన పేజీని ఇప్పుడే చావడిలో పెట్టాడు. వచ్చినవాళ్ళను వేళను బట్టి పలకరించే పేజీ అది.

ఫ్లోరెన్స్ పైకి చదివింది. "అక్కా, నా పేజీ నడుస్తాంది. శానా ఖుషీ. గాని మిట్టమధ్యాహ్నం పూట శుభరాత్రి అంటాంది. పొరపాటు నాదా, మీదా?"

విశ్రాంతమ్మకు నవ్వాగలేదు. ఫ్లోరెన్స్‌కు పొలమారింది. సారంగపాణి కూడా నవ్వాడు. "పొద్దుగాల్నే నిద్రవొయ్యేటోడు రాసినట్టుంది" అన్నాడు.

వీరేందర్ ఒక్కడే నవ్వలేదు. నోటి దాకా తెచ్చిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"ఫ్లోరా. విండోస్ ఎక్కించేటప్పుడు గడియారం ఏ దేశానిది పెట్టినవ్?"

"గడియారమా?" ఆమె గుర్తు తెచ్చుకోబోయింది. "ఏదో అడిగినట్టుంది. కాకా ఫోన్ మీద ఫోన్ జేసి తొందరవెడుతుండె. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంట పోయిన."

వీరేందర్ ఎంగిలి చేత్తోనే లేచి తెర మీద మూల దాగి ఉన్న గడియారాన్ని తెరిచాడు. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది. కిటికీ బయట ఖమ్మం పట్టపగటి వాన. భూమికి అవతలి వైపు ఏదో ఊళ్ళో అందరూ నిద్రపోతున్నారు. ఆ ఊరి రాత్రిని పెట్టెలో పెట్టుకుని, వాగుమాట దాన్నే తునికివాగు రాత్రి అనుకుంది.

ఫ్లోరెన్స్‌కు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. వాగు లెక్క తప్పలేదు. ఇంకొన్ని గంటల్లో చప్టా మీదికి వస్తానని అది సరిగ్గానే లెక్కగట్టింది. ఆ కొన్ని గంటల తర్వాత పెట్టెలోని గడియారం ప్రకారం మూడో షిఫ్టు. ఇక్కడ, ఈ వానలో, అది మొదటి షిఫ్టే. తెర మీద ఒక్క గంట అంకె కనిపించినా ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. షిఫ్టే గడియారమైన మనుషులు కాబట్టి, మూడో షిఫ్టు అనగానే ఈ రాత్రి అనుకుని నిశ్చింతగా అన్నానికి కూర్చున్నారు.

"అంటే ఏంది?" అన్నాడు సారంగపాణి. ఆయన వాళ్ళ ముఖాలు చూస్తున్నాడు. "అంటే ఏంది బిడ్డా? చెప్పర్రి."

"కాకా, రాత్రికి గాదు." ఫ్లోరెన్స్ కంచం పక్కకు నెట్టింది. "ఇప్పుడే. తప్పు నాది కాకా. చప్టా ఇప్పుడే మునుగుతది."

సారంగపాణి చెయ్యి కూడా కడుక్కోకుండా ఫోన్ అందుకున్నాడు. రోజారాణి ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. వీరేందర్ గడియారాన్ని మన దేశానికి తిప్పాడు. పొద్దున్న ఎక్కించిన గీతల వేళలు సరిచేశాడు. అతని వేళ్ళు ఎప్పుడూ అంత వేగంగా కదలడం ఫ్లోరెన్స్ చూడలేదు. ఆమె బొజ్జయ్యకు చేసింది. ఐదో గీత ఎప్పుడో మునిగిందనీ, వాన హోరుకు దుకాణం కట్టేసి గట్టు మీదికి వచ్చేశాననీ అరిచి చెప్పాడు బొజ్జయ్య. చప్టా మీద ఎవరైనా ఉన్నారా అని అడిగేలోపే లైను తెగిపోయింది. ఫ్లోరెన్స్ ఐదో గీత అని నింపి బటన్ నొక్కింది.

ఈసారి వాగు ఆలోచించలేదు. మాట వెంటనే వచ్చింది:

"పెండ్లి పందిరి కొట్టుకపోయిన ఏటి లెక్క వస్తున్న.

ఈ షిఫ్టుల్నే. ఇప్పుడే.

చప్టా మీద ఎవ్వరుండొద్దు."

విశ్రాంతమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. వీరేందర్ ఫ్లోరెన్స్‌ను ఒక్క మాట కూడా అనలేదు. నిన్ను నమ్మినోడు ఏం గావాలె అని పొద్దున అడిగిన మనిషి, ఇప్పుడు ఆమె పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. అది ఆమెకు ఇంకా దుర్భరంగా తోచింది.

ఫోన్ మోగుతూనే ఉంది. సారంగపాణి దాన్ని చెవికి అదిమిపట్టి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆగాడు. అవతల ఎవరో ఎత్తారు. ఆయన స్పీకరు నొక్కాడు. ముందు హోరు వినిపించింది. వాన హోరు కాదది. దాని వెనక, హాయిగా నవ్వుతూ, రోజారాణి గొంతు:

"ఆఁ నాయనా! చప్టా నడుమకు వచ్చినం. గోపాలు గూడ ఉన్నడు. ట్రాలీ ఆగిపోతే ఈ పిల్లను దించి మెల్లగ నడిపిస్తున్న. మూడో షిఫ్టు దాంక టైముంది గదా, తొందరేముంది!"